కాకిబోడు మీద గాజు తీగ

మంచుకాలం, 9వ రోజు

ఇవాళ కూడా అదే జరిగింది. సరిగ్గా పొగమంచు గట్టెక్కే వేళకు వలలు ముడుచుకున్నాయి.

"రాతపూర్వకంగా ఇవ్వండి, చూద్దాం" అని నీటి సమితి ఇంజినీరు టంకాల విశ్వేశ్వర్ గారు ఇప్పటికి మూడుసార్లు అన్నారు. సరే, ఇక నుంచి అన్నీ రాతపూర్వకంగానే ఇస్తాను. నా పేరు పొట్నూరు పైడితల్లి. కాకిబోడు కొండగట్టు మీద వరసగా పాతిన ముప్పై ఎనిమిది సిగ్నల్ స్తంభాలకు, వాటి పెట్టెలకు, తీగలకు బాధ్యత నాది. పద్నాలుగేళ్లుగా ఇదే పని.

గట్టు పొడవు ఆరు కిలోమీటర్లు. పొడవునా వలలే. మంచు వలలకు తగిలి నీరై, కింద పొట్టి కాళ్ల మీద నిలిపిన రేకు తొట్టికాలువలోకి కారి, ఒకటో స్తంభం దగ్గరున్న ట్యాంకు చేరి, అక్కడి నుంచి దిగువూరికి పోతుంది. నదులు పారిన రోజులు చూసినవాళ్లు ఊళ్లో ఇంకా ఇద్దరో ముగ్గురో ఉన్నారు. మిగతా మా అందరికీ నీళ్లంటే ఈ వలల నుంచి కారేవే.

ప్రతి వలకూ ఒక మోటారుంది. అది తన పక్క స్తంభం మీద ఉన్న పెట్టె మాట వింటుంది. గాలి పెరిగితే నా గదిలోంచి "ముడుచుకో" అని ఆజ్ఞ వెళ్తుంది. గంటసేపు ఏ మాటా వినబడకపోతే, ఏదో ప్రమాదమనుకుని మోటారు తనంతట తానే వలను ముడిచేస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి మాట గాలిలోనే పోవాలి. పొగమంచు పట్టిందా, పదమూడో స్తంభం దాటి ఒక్క మాట పోదు.

అంటే మంచు వస్తే వలలు ముడుచుకుంటాయి. మంచు పోయి ఎండ రాగానే చక్కగా విచ్చుకుంటాయి. మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఇరవై ఐదు స్తంభాల దూరం వలలన్నీ ఆరేసిన చీరల్లా ఎండలో ఊగుతున్నాయి.

ఇంజినీరు గారికి ఫోన్ చేశాను.

"నా తెర మీద అన్ని స్తంభాలూ పచ్చగానే ఉన్నాయండీ" అన్నారాయన.

"ఎప్పుడు సూసినారు బాబూ?"

"ఇప్పుడే. రెండు గంటలకి."

"రెండింటికి మంచుండదు కదా బాబూ."

"అదే నేనూ చెప్తున్నది. వాతావరణం బాగున్నప్పుడు వ్యవస్థ చక్కగా పనిచేస్తోంది."

ఫోన్ పెట్టేశాను.

12వ రోజు

సమితి నుంచి సూచన వచ్చింది. పెట్టెల ముఖం మీద పట్టిన తడిని పొడిగుడ్డతో తుడవాలట. అది కూడా మంచు ఉన్నప్పుడే.

పొగమంచులో పొడిగుడ్డ ఎక్కడ దొరుకుతుందో సూచనలో రాయలేదు.

పదహారు పెట్టెలు తుడిచాను. పదహారోది తుడిచి దిగేసరికి మొదటిది మళ్లీ తడిసిపోయింది. గుడ్డ పిండితే అర చెంబు నీళ్లు వచ్చాయి. ఇవాళ గట్టు మీద నేను పట్టిన నీళ్లు అవే.

15వ రోజు

నాలుగేళ్లుగా అడుగుతున్నదే మళ్లీ అడిగాను. స్తంభాల మధ్య గాజు తీగ వేయండి. అందులో పోయేది వెలుతురు. బయట మంచున్నా ముసురున్నా దానికి సంబంధం లేదు. స్తంభం నుంచి వల మోటారుకు నాలుగడుగులే, ఆ కాస్త దూరం గాలిలో పోతే పోనీ.

"రాగి తీగ చవక కదండీ?" అన్నారు.

మూడేళ్ల కిందట రాగి తీగే వేశాం. ఒక్క పిడుగుకు ఎనిమిది పెట్టెలు కాలి బొగ్గయ్యాయి. ఆయన అప్పటికి ఉద్యోగంలో చేరలేదు. పైగా ఆ జాతి రాగి తీగ నూరు మీటర్లు దాటితే మాట సరిగా మోయదు. మా స్తంభాల మధ్య దూరం నూట అరవై. ఇదంతా విడమరిచి చెప్పాను.

పోనీ, ముడుచుకునే గడువు గంట నుంచి ఆరు గంటలకు పెంచుతారా అని అడిగాను. వీల్లేదన్నారు. ఈలోగా గాలి లేస్తే హెచ్చరిక అందక వలలు స్తంభాలతో సహా కూలిపోతాయన్నారు. ఆ మాట నిజమే. అది నిజం కావడమే నాకు మరింత చిరాకు తెప్పించింది.

గాజు తీగ సంగతి సమావేశంలో పెడతానన్నారు.

17వ రోజు

గట్టు చివర ముప్పై ఎనిమిదో స్తంభం దగ్గర రేకుల పాకలో కొర్రా జమున ఉంటుంది. ఆ చివరి వలలకు కాపలా ఆమే, కుట్టేదీ ఆమే. అరవై రెండేళ్లు. అక్కా అన్నట్టు నేను అప్పా అంటాను. ఆమె నన్ను ఓలె పైడీ అంటుంది. ఫోన్ మాట కూడా ఈ పెట్టెల మీదుగానే పోవాలి కాబట్టి, మంచు పట్టిందంటే ఆమెకు నాకు మధ్య ఫోన్ కూడా ఆగిపోతుంది. అందుకని రెండు రోజులకోసారి నడిచి వెళ్లి చూసి వస్తుంటాను.

ఇవాళ వెళ్లేసరికి ముడుచుకున్న వల కింద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ముఖం మీంచి మంచు తెరలు తెరలుగా పోతోంది.

"సూడె పైడీ, నీలు మన నెత్తి మీంచి నడిసెల్లిపోతన్నాయి. మనమేమో బొమ్మల్లాగ సూత్తన్నాము."

"నానేటి సెయ్యను అప్పా? రాసినాను. అడిగినాను. గుడ్డెట్టి తుడవమన్నారు."

"కింద మా మేనకోడలు బాలింత. రొండు రోజుల్నుంచి కుళాయికి సుక్క నేదంట."

ఆ తర్వాత మేం మాట్లాడుకున్నది ఇక్కడ రాయను.

20వ రోజు

దిగువూరికి నీళ్లు పెరిగాయని ఇంజినీరు గారు సంతోషంగా ఫోన్ చేశారు. తుడవడం వల్ల మంచి ఫలితం కనిపిస్తోందట. అవునన్నాను.

22వ రోజు

గాజు తీగ వచ్చింది! ఆరు చుట్టలు. పన్నెండు మంది మోసుకుని గట్టెక్కించారు. నల్లటి తొడుగు, లోపల వెంట్రుకంత సన్నటి గాజు పోగులు ఇరవై నాలుగు. ఎక్కడా ఇనుము లేదు. నేను రాసింది రాసినట్టే పంపారు. చుట్ట మీద చెయ్యి వేసి నిలబడితే కళ్లు చెమర్చాయి.

తర్వాత పెట్టెలకు తగిలించే ప్లగ్గుల అట్టపెట్టె విప్పాను. తీగ ఒక జాతి, ప్లగ్గులు ఇంకో జాతి.

"రెండూ ఫైబర్‌వే కదండీ?" అన్నారు ఇంజినీరు గారు.

"సూదీ గునపమూ రెండూ ఇనుమే బాబూ. గునపంతో బట్ట కుడతామేటి? ఈ పోగు మరీ సన్నం, దూరం పోయేది. ఆ ప్లగ్గు లావుపాటి పోగుకి, గది లోపల వాడేది. ఎలుతురు దీంట్లోకి దూరదు."

"ఒకసారి పెట్టి చూడండి."

పెట్టి చూశాను. వెలుతురు దూరలేదు. సరైనవి రావాలంటే మళ్లీ సమావేశం జరగాలట. సమావేశం ఇరవై రోజుల తర్వాత.

24వ రోజు

ప్లగ్గులు వచ్చేలోగా తీగ పరిచేద్దామనుకున్నాను. సమితి నియమం ప్రకారం మీటరు లోతు కందకం తవ్వి వేయాలి. కాకిబోడు మీద మీటరు లోతు మట్టి ఎక్కడుందో నియమం రాసినవాళ్లు వచ్చి చూపించాలి. ఇదంతా ఏకశిల. ఉదయమంతా గడ్డపార వేస్తే పిడికెడు పలుకులు లేచాయి, నా భుజం పట్టేసింది. స్తంభాలకు వేలాడదీద్దామంటే గాలికి ఊగి ఊగి పోగులు తెగుతాయి.

జమునప్ప వలతాడు పేనుకుంటూ వచ్చి, నేను తవ్వింది చూసి నవ్వింది.

"ఓలె, ఇంత పొడుగు తొట్టికాలవ ఉంది కదె? ఆ కొస నుంచి ఈ కొసకి. దాని అడుగున కట్టీ. గాలీ తగల్దు, ఎండా తగల్దు."

నేను గడ్డపార పక్కన పడేశాను. పద్నాలుగేళ్లుగా ఆ తొట్టికాలువ పక్కనే నడుస్తున్నాను. ఈ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

28వ రోజు

ఇరవయ్యో స్తంభం దాకా తీగ వేశాం. నేను తొట్టి కింద పాకుతూ పట్టుకుంటే, జమునప్ప మోకాళ్ల మీద కూర్చుని బారెడుకో ముడి వేస్తూ వచ్చింది. ప్రతి స్తంభం దగ్గరా నాలుగు బారల తీగ అదనంగా చుట్టి వదిలాం. ఎందుకంత వృథా అని ఆమె గొణిగింది. అతుకు చెడితే కోసి మళ్లీ అతకాలి, తీగ మిగలకపోతే మొత్తం లాగి మొదటి నుంచి వేయాలని చెప్పాను. మర్నాటికి నాలుగు బారలు ఐదయ్యాయి.

ప్లగ్గుల కబురు లేదు.

31వ రోజు

ఇది ఇవాళే రాయాలి.

తెల్లవారాక దట్టమైన మంచు వచ్చింది. ఏడున్నరకు గాలిమీటరు మోగింది. ఆజ్ఞ పంపాను. పదమూడో స్తంభం దాకా వలలు ముడుచుకున్నాయి. ఆ తర్వాతివి ముడుచుకోవని నాకు తెలుసు, ఎందుకంటే వాటిని తాళ్లతో కట్టేసి ఉంచాం. కట్టేస్తే మోటారు రెండుసార్లు లాగి, తాడు వదిలేదాకా అలాగే బిగబట్టుకుని ఉంటుంది.

ఫోన్ పోదు. పరుగెత్తాను.

దారిలో ఒక్కో తాడూ కోసుకుంటూ పోయాను. కోయగానే వల చటుక్కున ముడుచుకునేది. కొన్నిచోట్ల అప్పటికే చిరిగి జెండాల్లా కొట్టుకుంటున్నాయి. అవతలి చివర నుంచి జమునప్ప కూడా విప్పుకుంటూ వస్తుందని తెలుసు. అప్పా, అప్పా అని అరిచాను. గాలి హోరులో నా గొంతు నాకే వినబడలేదు.

ముప్పై ఒకటో స్తంభం దగ్గర వల కొయ్య ఒరిగి పడి ఉంది. దాని కింద ఆమె ఎడమకాలు. చేతిలో తాడు కొస ఇంకా పట్టుకునే ఉంది.

"ముప్పైయోది ఇప్పినావా?" అంది నన్ను చూడగానే.

"ఇప్పినాను. నువ్వు మాటాడకు."

"ఇరవై తొమ్మిది?"

"అన్నీ ఇప్పినానప్పా!"

పక్కనే విరిగి పడున్న కర్ర పెట్టి కొయ్య లేపాను. కాలు చూడలేకపోయాను. నా కోటు కప్పి, వచ్చిన దారినే మళ్లీ పరుగెత్తాను, పదమూడో స్తంభం దాకా. అక్కడైతే ఫోన్ పలుకుతుంది. ఇరవయ్యో స్తంభం దగ్గర్నుంచి తొట్టి కింద మేం కట్టిన కొత్త తీగ కనిపిస్తూనే ఉంది. లోపల వెలుతురు లేని తీగ.

డోలీ వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. అప్పుడు కూడా ఆమె అరవలేదు. మోసేవాళ్లతో, తొట్టికాలువ మీద కాలెయ్యకండి, వంగిపోద్ది అని మాత్రం అంది.

34వ రోజు

ఇంజినీరు గారు విచారణకు గట్టెక్కారు. ఉద్యోగంలో చేరాక మంచువేళ రావడం ఇదే మొదటిసారి. పదిహేనో స్తంభం దగ్గర చేతిలోని ఫోన్ చూసుకుని, పైకెత్తి ఊపి, మళ్లీ చూసుకున్నారు. ఇంకొంచెం దూరం పోయాక నేను రెండడుగులు ముందుంటే కనబడటం లేదని, చెయ్యి పట్టుకోవచ్చా అని అడిగారు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. అరచెయ్యి చల్లగా ఉంది.

ముడుచుకున్న వలల కింద నిలబడ్డాం. మంచు మా మీదుగా పోతూనే ఉంది. ఆయన కనుబొమల నుంచి నీళ్లు కారుతున్నాయి.

తర్వాత అడిగారు. "వలలు కట్టేసింది జమున గారేనా?"

"ఎందుకు బాబూ?"

"నియమం తప్పింది ఆవిడే అయితే వైద్యం ఖర్చు, తిండి సమితి భరించదు. సభ్యులు అప్పుడే ఆ మాట అంటున్నారు."

"కట్టమన్నది నాను. పదిహేడో రోజున. ఇద్దరం కలిసే కట్టినాము. నాలుగు వలలైతే నా చేత్తోనే కట్టినాను."

ఆయన చుట్టూ చూశారు, ఆ మంచులో వినేవాళ్లెవరో ఉన్నట్టు. "పైడితల్లి గారూ, నేనది వినలేదు. మీరు కూడా పుస్తకంలో రాయకండి. మీ హోదా పోతుంది."

"రాయకపోతే?"

ఆయన తడిసిన ముఖం తుడుచుకున్నారు.

కాబట్టి రాస్తున్నాను. పదిహేడో రోజున "కట్టీమంటావేటి?" అని జమునప్ప అడిగింది. విసుగులో ఉన్నాను, కట్టీ అన్నాను. గాలి లేస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. రెండు రోజుల ముందే ఇంజినీరు గారి నోట విన్నాను, ఒప్పుకున్నాను. అయినా కట్టమన్నాను. ఇరవయ్యో రోజున అబద్ధం కూడా చెప్పాను. ఆమె తప్పు ఏమీ లేదు. సంతకం, పొట్నూరు పైడితల్లి.

37వ రోజు

ఇరవై రోజులు ఆగాల్సిన సమావేశం ఎవరూ పిలవకుండానే జరిగిపోయింది. సరైన ప్లగ్గులు మూడు రోజుల్లో వచ్చాయి. ఒక్కసారి మంచులో తడిసొస్తే కాగితాలకు కాళ్లొస్తాయని తెలిస్తే, నాలుగేళ్ల కిందటే ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని గట్టెక్కించేదాన్ని.

ఇరవయ్యో స్తంభం తర్వాత తీగ పరచడానికి ఊరి నుంచి మనుషులు వచ్చారు. బారెడుకో ముడి అంటే ముక్కుతూ మూలుగుతూ వేశారు.

43వ రోజు

అతుకులు వేస్తున్నాను. గాజు పోగు కొసలు నున్నగా కోసి, ఎదురెదురుగా పెట్టి, యంత్రంలో కరిగించి కలపాలి. తడి తగిలితే అతుకు పాడు. కాబట్టి ప్రతి స్తంభం కింద టార్పాలిన్ గుడారం, లోపల కుంపటి, కుంపటి పక్కన నేను. బయట చలి, లోపల చెమట. చెమట బొట్టు పోగు మీద పడితే మళ్లీ మొదటికి. ఇవాళ ఇరవై ఆరో స్తంభం దగ్గర ఒకే పోగును ఐదుసార్లు అతికించాను. ఐదోసారి తిట్టుకుంటూ తల ఎత్తితే గుడారం గుడ్డకు జుట్టు అతుక్కుంది.

ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిపేస్తే తొందరగా అయిపోతుందని ఊరివాళ్లు అన్నారు. అలా చేస్తే మధ్యలో ఒక పెట్టె చచ్చిన రోజున దాని వెనకవన్నీ చస్తాయి. నాలుగేసి స్తంభాలకు ఒక జత పోగులు విడిగా ఇస్తున్నాను. ఆలస్యమైతే కానీ.

48వ రోజు

అయింది.

ఉదయం ఆరింటికి మంచెక్కింది. ముప్పై ఎనిమిది స్తంభాలూ పలికాయి. గంట గడిచింది. ఒక్క వల కూడా ముడుచుకోలేదు. తొమ్మిదింటికి గాలి కొంచెం లేచింది. చివరి ఆరు వలలకు మాత్రం ముడుచుకోమని చెప్పాను, ముడుచుకున్నాయి. గాలి తగ్గాక విచ్చుకోమన్నాను, విచ్చుకున్నాయి.

బయటికి వచ్చి తొట్టికాలువ పక్కన కూర్చున్నాను. నీళ్లు మోత చేస్తూ పోతున్నాయి. ఇంజినీరు గారు ఫోన్ చేసి, "నా తెర మీద..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. "మీ దగ్గర ఎలా ఉందండీ?" అని అడిగారు.

49వ రోజు

ఈ పుస్తకం చూశాక సమితి నిర్ణయం పంపింది. జమునప్ప వైద్యం, తిండి సమితే చూసుకుంటుంది. తీగల బాధ్యత నా నుంచి తీసేశారు. ఆమె కాలు నయమయ్యేదాకా గట్టు చివర వలల కాపలా నాది. కొత్త మనిషి వచ్చి నా గది తాళాలు తీసుకున్నాడు. అతనికి కుంపటి సంగతి రెండుసార్లు చెప్పాను. రాసుకున్నాడు కానీ నమ్మినట్టు లేదు.

55వ రోజు

ముప్పై ఎనిమిదో స్తంభం, జమునప్ప పాక. ఈ పుస్తకం ఇక నేను రాయక్కర్లేదు. అయినా చెప్పుకోవడానికి ఇక్కడ ఇంకెవరున్నారు?

ఆమె దిగువూరి ఆసుపత్రిలో కాలికి కట్టుతో మంచం మీద ఉంది. కదలకూడదు. ఫోన్ ఉంది. రోజంతా ఖాళీయే.

ఇవాళ పొద్దున్న నుంచి ఇది నాలుగోసారి.

"ముప్పై మూడో వల సిరుగు కుట్టినావా?"

"కుట్టినానప్పా."

"ఎలగ కుట్టినావు? సెప్పు."

చెప్పాను.

"ఓలమ్మ! అలగ కుడితే తొలిగాలికే ఇడిపోద్ది. ఇప్పీ. మల్లీ కుట్టు. నాను సెప్తాను, నువ్వు కుట్టు. ఫోను పక్కనెట్టుకో."

"అప్పా, సేతులు గడ్డకట్టిపోతన్నాయి. మంచు ముసురుకుపోయింది. నా సెయ్యే నాకు కనపడ్డం నేదు."

"కనపడకపోతే తడుముకో. నా మాట ఇనబడతంది కదా?"

వినబడుతోంది. ఆమె ఊపిరి, మంచం కిర్రుమనడం, పక్క మంచం ఆవిడ దగ్గు, అన్నీ వినబడుతున్నాయి. ఇంత దట్టమైన మంచులో లైను కలవడం లేదని అబద్ధమాడే వీలు కూడా లేకుండా, ముప్పై ఎనిమిది స్తంభాలూ నా చేత్తోనే కలిపి పెట్టుకున్నాను.

కుట్టు విప్పుతున్నాను.